నేను రాయని పందికొక్కు

తొంభైల్లో గన్నవరం దగ్గర ఒక ధాన్యం గోదాములో లెక్కలు చూసేవాణ్ణి. చదివింది ఏడో తరగతే. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవి. ఒక ఏడాది మూడు బస్తాలు తరుగు వచ్చింది. అది పందికొక్కుల పని. పల్లెటూరి మాట ఇంగ్లీషు రిపోర్టులో బాగుండదని, కారణం ‘ర్యాట్స్’ అని రాశాను.

తనిఖీకి వచ్చిన ఉత్తరాది అధికారికి తెలుగు రాదు. ఆయన హిందీలో అరిచిన దాన్ని టైపిస్టు సుశీలగారు మెల్లగా చెప్పారు.

“ఎలుకలు మూడు బస్తాలు తింటాయా, మీరే అమ్ముకున్నారు అంటున్నారండీ.”

పదకొండేళ్ల ఉద్యోగం పోయేలా ఉంది.

“ఎలుకలు కాదండీ, పందికొక్కులు” అన్నాను నీరసంగా.

“ఆ మాటే రాసి ఏడవచ్చుగా మాస్టారూ! ఇంగ్లీషులో బ్యాండికూట్. మన పందికొక్కునే దొరలు పట్టుకెళ్లి అలా పిలుచుకున్నారు” అంటూ ఆవిడ పెద్ద డిక్షనరీ తెరిచి ఆయన ముందు పెట్టారు.

అది పెద్ద ఎలుక అని ఆయన చదివి, అవి ధాన్యం దాచుకునే గోడవార కలుగులు తవ్వించారు. తొమ్మిది కలుగుల్లో రెండు బస్తాల పైచిలుకు ధాన్యం దొరికింది. ఉద్యోగం నిలిచింది.

దొరలు నామోషీ పడకుండా తీసుకున్న మాట రాయడానికి నేను నామోషీ పడ్డాను.