కార్పెట్ తడవని మేళా

తాడేపల్లిగూడెంలో యువ ఆవిష్కర్తల మేళా ఉంది, తప్పకుండా రావాలని మా అక్క కూతురు లాస్య ఫోన్ చేస్తే హైదరాబాద్ నుంచి బయలుదేరాను. కొల్లేరు పక్కన మా బావగారికి చేపల చెరువుంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే సైరన్ మోగే పరికరం ఒకటి లాస్య తయారుచేసింది. మేళాలో ఎంపికైతే ప్రభుత్వ సాయంతో ఊళ్లోనే ఉండి వాటిని తయారుచేసుకుంటుంది. లేకపోతే సోమవారం చెన్నైలో ఉద్యోగంలో చేరాలి. తనకేమో ఇక్కడే ఉండాలని ఉంది.

రాత్రి రైలుకి ఏలూరులో దిగి, తెల్లారాక ప్యాసింజరు పట్టుకుంటే గంటలోపే గూడెం. టికెట్ రెండు టీల ఖరీదు ఉంటుందేమో. దెందులూరు దాటినా అటూ ఇటూ చేలు, చెరువులు, పైన రెండు రోజులుగా వదలని మబ్బు. స్టేషన్ బయట ఆటో అతను మేళా అనగానే నవ్వి, నిన్నంతా అక్కడికి ఫ్లెక్సీలే మోశానండీ అన్నాడు. నిజమే. గేటు నుంచి స్టేజీ దాకా నాయకుల మొహాలే. ఒక్క పిల్లదో పిల్లాడిదో ఫొటో ఉంటుందేమోనని వెతికాను, లేదు.

లాస్య స్టాల్ దగ్గర దిగాలుగా నిలబడి ఉంది. తను డబ్బాలో తెచ్చిన చెరువు నీళ్లు గేటు దగ్గరే పారబోయించారట. కొత్త కార్పెట్, పైగా ముఖ్య అతిథికి నీచు వాసన పడదట. "మినరల్ వాటర్ పోసి చూపించమ్మా, ఏవైనా నీళ్లేగా" అన్నాడట నిర్వాహకుడు. ఈ పిల్ల పెద్దవాళ్లకి ఎదురు చెప్పదు, సరేనండీ అంది. అతిథి మధ్యాహ్నానికి గానీ రాలేదు. చెరువు నీళ్లైతే అప్పటికి డబ్బాలోనే ఆక్సిజన్ తగ్గిపోయి ఉండేది. గాజు తొట్టెలో ధారగా పోసిన మంచినీళ్లలో ఆక్సిజన్‌కి లోటేముంటుంది? సైరన్ మోగలేదు. మోగకపోవడమే సరైనదని లాస్య చెప్పబోతే, పనిచేసేలా బాగుచేసుకుని మళ్లీ రమ్మని భుజం తట్టి, సెల్ఫీ దిగి వెళ్లిపోయాడాయన. ఎంపికైన వాటిలో తన పరికరం లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి నిర్వాహకుణ్ణి అడిగితే, వచ్చే ఏడు మళ్లీ మేళా ఉంటుంది, భోంచేసి వెళ్లండని విస్తరి చూపించాడు. ఆ భోజనం నేను ముట్టలేదు.

ఏలూరుకి బస్సులో వచ్చి, అక్కడి నుంచి కైకలూరు బస్సెక్కి ఊరు చేరేసరికి సాయంత్రమైంది. మబ్బు పడితే చెరువులో ఆక్సిజన్ తగ్గి చేపలకి ఊపిరాడదు. ఆ రాత్రి లాస్య పరికరాన్ని నీళ్లలోకి దించిన కాసేపటికే సైరన్ మోగింది. బావగారు పరుగున వెళ్లి నీళ్లు చిలికే ఏరేటర్లు వేశారు. ఆ మోత విని పక్క చెరువు రైతు లేచి చూసుకుంటే, ఆయన చేపలు అప్పటికే పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. తన ఏరేటర్లు కూడా వేసుకుని గట్టు మీద నుంచి వచ్చాడు.

"అమ్మాయ్, మా చెరువుక్కూడా ఒకటి బిగించి పెట్టమ్మా."

"సోమవారం చెన్నై వెళ్లిపోతున్నానండీ" అంది లాస్య.

ఆయన తన చెరువు వైపు వెనక్కి నడిచాడు. నా కోపం మాత్రం ఇది రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు. యువతే మన సంపదని అంతంత అక్షరాలతో ఫ్లెక్సీ కొట్టించినవాళ్లు, ఆ సంపద తెచ్చుకున్న డబ్బాడు నీళ్లని గేటు దాటనివ్వలేదు. చేపలకి ఊపిరాడకపోతే తెలిసే సాధనం ఆ పిల్ల చేసింది. ఆ పిల్లకి ఊపిరాడకపోతే ఎవరికి తెలుస్తుంది?

కొల్లేరు చూడాలనుకుంటే ఏలూరులో కైకలూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి, దారి పొడవునా నీళ్లే. ఇలాంటి మేళాకి వెళ్లే పిల్లలైతే మాత్రం చెరువు నీళ్లు రెండు డబ్బాల్లో పట్టుకెళ్లండి. ఒకటి ఎలాగూ గేటు దగ్గర పారబోయిస్తారు. రెండోది సంచిలో దాచి తీసుకెళ్లి ఆ కార్పెట్ మీదే పెట్టండి.