బూరెకి చిల్లు పెట్టని పుట్టినరోజు

మా అక్క మనవరాలు నన్ను చిన్నతాతా అంటుంది. తలకి రంగు వేయడం ఇంకా మొదలుపెట్టని మనిషిని తాతా అనడం అన్యాయమని చాలాసార్లు చెప్పి చూశాను. వినలేదు. అందుకు కక్షగా దానికి అబద్ధాలు చెబుతుంటాను. రావులపాలెం మార్కెట్లో ఒక అరటిగెల ఎంత పెద్దదంటే, దాని నీడలో లారీ ఆపుకుని డ్రైవరు నిద్రపోయాడనీ, లేచేసరికి కాయలన్నీ పండి లారీ నిండా రాలి ఉన్నాయనీ చెప్పాను. "మరి లారీ రంగు పసుపా?" అని అడిగింది. అవునన్నాను. అప్పటినుంచి రోడ్డు మీద పసుపు లారీ కనబడితే చాలు, అదేనా అంటుంది.

దాని ఐదో పుట్టినరోజుకి ఏం వండాలన్న చర్చ మా అక్క ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర జరిగింది. అక్క అప్పటికే పనసపొట్టు కూర, గుత్తివంకాయ, ఆవడలు, బూరెలు, పరమాన్నం దాకా వచ్చేసింది.

"అక్కా, వచ్చేది యూకేజీ పిల్లలే. మగపెళ్లివారు కాదు."

"పిల్లలైతే మాత్రం? ఆకు బోసిగా ఉంటే వాళ్ల అమ్మలు ఏమనుకుంటార్రా?"

పుట్టినరోజు పిల్ల తల్లి, అంటే మా మేనకోడలు, ఫోనులోంచి తల ఎత్తకుండా, "కేకూ చిప్సూ చాలమ్మా" అంది.

"పాలున్నవి ఏవీ వద్దు," అంది గచ్చు మీద బొమ్మలు వేసుకుంటున్న పిల్ల. "మా ఫ్రెండుకి పడవు."

ఆ ఫ్రెండు తన పక్కనే కూర్చుంటుందట. పాలు, పెరుగు, వెన్న, ఏది నోటికి తగిలినా పెదాలు వాచిపోతాయట. ఒకసారి ఊపిరాడక ఆసుపత్రికి కూడా పరుగెత్తారట. అందుకని ఎవరి పుట్టినరోజుకి వెళ్లినా ఆ పిల్ల గోడ దగ్గర వాళ్లమ్మ పక్కన కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బాలోది తింటుందట.

"నా బర్త్‌డేకి డబ్బా తేవద్దని చెప్పేశాను. మా ఇంట్లో నేను తినేవన్నీ నువ్వూ తినొచ్చని చెప్పాను."

చెప్పేసిందట! అక్క, ఎవరికో ఒంట్లో బాగాలేదని తెలిసినప్పటి గొంతుతో అడిగింది: "నెయ్యి కూడానా?"

"నెయ్యి కూడా అమ్మమ్మా."

మా వాళ్లకి నెయ్యి అంటే ఏమిటో తెలియాలంటే మా అక్క బూరె తినడం చూడాలి. బూరెకి వేలితో చిల్లు పెట్టి, అందులో నెయ్యి నిండుగా పోసి, ఆ నెయ్యి ముంజేతి మీదుగా కారుతుంటే తింటుంది. మా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు కుళాయిలుండేవనీ, ఒకదాంట్లో గోదావరి నీళ్లు, రెండోదాంట్లో నెయ్యి వచ్చేవనీ పిల్లకి నేనే చెప్పాను. అక్క కాదనలేదు. ఆ ఒక్క అబద్ధం ఆవిడకి నచ్చింది.

అలాంటి మనిషి మర్నాడు పొద్దున్నే నన్ను లేపి, "ఒరేయ్, పొట్టిక్కలు చేద్దాం. కోనసీమ వెళ్లి పనసాకులు పట్రా," అంది. పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టల్లా కుట్టి, ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికించేవే పొట్టిక్కలు. వాటిలోకి కొబ్బరి పచ్చడి. కొబ్బరిపాలూ బెల్లమూ వేసి పరమాన్నం. కొంచెం పులిహోర. బూరెలు నూనెలోనే వేగుతాయి కాబట్టి వాటికీ ఢోకా లేదు, చిల్లు పెట్టకపోతే చాలు. దేవుడికి మాత్రం ఒక చిన్న గిన్నెలో విడిగా తీసి, అందులోనే నెయ్యి వేస్తానంది. దేవుడికి పాలు పడతాయి కదా.

పుట్టినరోజు మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. నేను హాల్లో బుడగలు ఊదుతున్నాను. వంటింట్లోంచి "అయ్యో" అని వినబడింది.

వెళ్లి చూస్తే గిన్నెలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. అక్క చేతిలో నెయ్యి గరిటె ఉంది. మా ఇళ్లలో వండిన ప్రతిదాని మీదా ఒక నేతిచుక్క వేస్తే గాని వడ్డనకి రాదు. అభిఘారం అంటాం. దేవుడి గిన్నెలో చుక్క వేసిన చెయ్యి అక్కడ ఆగలేదు. పరమాన్నం, పులిహోర, పచ్చడి, బూరెలు, పొట్టిక్కలు, అన్నిటి మీదికీ వరసగా వెళ్లిపోయింది.

"నలభై ఏళ్ల అలవాటురా," అంది అక్క. గరిటె ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది.

అంతలోనే గేటు చప్పుడైంది. అందరికంటే ముందు వచ్చింది ఆ ఫ్రెండే, వాళ్లమ్మతో. చేతిలో బహుమతి ఉంది, డబ్బా లేదు. మా పిల్ల ఆ ఫ్రెండుని లోపలికి లాక్కొస్తూ, "అన్నీ తినొచ్చు, అన్నీ!" అని గంతులేస్తోంది.

నేను ఏ అబద్ధం చెబితే బాగుంటుందా అని వెతుక్కుంటున్నాను. అక్క సరాసరి వెళ్లి ఆ పిల్ల తల్లి ఎదుట నిలబడింది.

"అమ్మా, పొరపాటైపోయింది. పొద్దున్నించి జాగ్రత్తగా చేసి, ఆఖరికి అన్నిటిమీదా నేతిచుక్క వేశాను. నీ పిల్లకి వీటిలో ఏదీ పెట్టకు."

ఆవిడ హ్యాండుబ్యాగు మీద చెయ్యి వేసుకుంది. "పర్లేదండి, ఎందుకైనా మంచిదని డబ్బా తెచ్చానండి. దానికి తెలీదు." తర్వాత గొంతు తగ్గించి అంది: "ఎవరూ ఇలా చెప్పరండి. చుక్కే కదా, ఏం కాదులే అంటారండి."

"ఆ డబ్బా తియ్యకు తల్లీ. పిండి ఇంకా ఫ్రిజ్‌లో ఉంది. ఒరేయ్, ఆకులు మిగిలాయా?"

చిరుగులున్నవని పక్కన పడేసిన ఆకులు మిగిలాయి. ఆ పిల్ల తల్లి చీర కుచ్చిళ్లు సర్దుకుని గచ్చు మీద కూర్చుని, చిరుగు కనబడకుండా ఆకు మీద ఆకు వేసి కుట్టడం మొదలుపెట్టింది. అక్క గరిటె నాకిచ్చేసి, చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, మిక్సీలో మిగిలిన పచ్చడి వేరే గిన్నెలోకి తీసింది. నెయ్యి గిన్నె నేను అటక మీద పెట్టేశాను.

ఈలోగా మిగతా పిల్లలు దిగారు. ఆకలి ఆకలి అన్నారు. అందరూ ఒకేసారి తినాలి కాబట్టి వాళ్లని ఆపడం నా వంతు. పొట్టిక్క ఆవిరిలో ఉన్నంతసేపూ నిద్రపోతుంటుందనీ, మనం గట్టిగా అరిస్తే ఉలిక్కిపడి ఇడ్లీ అయిపోతుందనీ చెప్పాను. అంతమంది పిల్లలూ నోటి మీద వేళ్లు వేసుకుని వంటింటి వైపు చూస్తూ కూర్చున్నారు. నా జీవితంలో ఇంత గొప్పగా అమ్ముడుపోయిన అబద్ధం ఇంకోటి లేదు.

పొట్టిక్కలు దిగాయి. పిల్లలందరికీ గిన్నెల్లోవి వడ్డించాం. మా పిల్లకీ ఆ ఫ్రెండుకీ మాత్రం ఒక కొత్త విస్తరిలో, చిరుగు ఆకుల పొట్టిక్కలు. మా పిల్ల బూరె వైపు కూడా చూడలేదు. ఆకు ఒలవడం దాని స్నేహితురాలికి నేర్పించింది.

"మెల్లిగా తియ్యి, నిద్ర లేస్తుంది."

ఆ పిల్ల మెల్లిగా తీసింది. తింది. పచ్చడి మూతికంతా పూసుకుంది. తల్లి కాస్త దూరంలో నిలబడి, కూతురి పెదాల వంకే చూస్తోంది. ఎంతసేపటికీ ఏమీ కాలేదు.

"ఇంకోటి," అంది ఆ పిల్ల.

అక్క గబగబా పొట్టిక్క తెచ్చి విస్తట్లో పెట్టింది. పెట్టాక ఆవిడ కుడిచెయ్యి దానంతటదే నెయ్యి గిన్నె ఎప్పుడూ ఉండే గూటి వైపు వెళ్లి, అక్కడి ఖాళీ చోటు తడిమింది. అక్క ఆ చేతిని వెనక్కి లాక్కుని, ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది.

"నువ్వు వడ్డించరా," అంది నాతో. "దీన్ని నేను పట్టుకుంటాను."

ఆ పిల్ల తల్లికి అక్క బలవంతంగా ఆకు వేసింది. బూరెకి చిల్లు పెట్టి, అటక మీంచి నెయ్యి దింపించి మరీ పోసింది. ఇక బ్యాగులోని డబ్బా సంగతి: అందులో ఉప్మా ఉంది. ఆవిడని అడిగి తీసుకుని, గోడ దగ్గర కూర్చుని నేను తినేశాను. నిజంగానే బాగుంది.