కొలవని మూడు రోజులు

వానాకాలంలో మా నల్లాలో ఎర్రనీళ్లు వస్తాయి. బకెట్‌లో పట్టి ఉంచి, తేరుకున్న నీళ్లు వంపేశాక అడుగున మిగిలే ఒండ్రు వాసన నన్ను అరవయ్యేళ్లు వెనక్కి, నర్సింహ సారు దగ్గరికి తీసుకుపోతుంది.

పాలమూరు జిల్లాలో ఒక వాగు మీద జలాశయం కట్టాలని తలపెట్టిన రోజులవి. వాగు ఏటా ఎంత మన్ను మోసుకొస్తుందో తెలిస్తేనే అది ఎన్నేళ్లకు పూడుతుందో తెలుస్తుంది. ఆ వాగును అంతకుముందు ఎవరూ కొలవలేదు. సారు ఇంజనీరు, నేను కొత్తగా చేరిన ఓవర్సీర్‌ని. రోజూ సీసాతో వాగునీళ్లు ముంచి, వడగట్టి, మిగిలిన మన్ను ఎండబెట్టి తూచి రాయడం నా పని.

ఆ శ్రావణంలో వాగు పొంగింది. నాకు జ్వరం, మూడు రోజులు గది దాటలేదు. లేచాక, ముందునాటి అంకెకూ తర్వాతి అంకెకూ నడుమ పడేలా మూడు అంకెలు వేసి ఖాళీలు నింపేశాను. నెల తర్వాత సారు ఆ పుట మీద వేలు పెట్టి, వరదప్పుడు వాగు దగ్గరికి పోయావా అని అడిగారు. అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ, ఆయన ముఖం చూసి, పోలేదని ఒప్పుకున్నాను.

"ఏడాది మన్ను చానమట్టుకు గీ మూడు దినాలల్లనే వస్తది," అన్నారాయన మెల్లగా. "నువ్వు గవే చూడలేదు."

తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఆయన తిట్టలేదు. ఎండాకాలం రాగానే నన్ను వెంటబెట్టుకొని వాగు ఎగువన, ఆ వాగునీళ్లే నిండే ఓ పాత కుంటకు, అది ఎండి ఉండగా, తీసుకెళ్లారు. అక్కడ గొర్లు కాస్తున్న లచ్చవ్వ అనే ముసలామె పక్కన నేల మీదే కూర్చుని, ఈ కుంట ఒకప్పుడు ఎంత లోతుండేదని అడిగారు.

"నేను కాపురానికి వచ్చిన్నాడు తూము కాడ తొమ్మిది మెట్లు దిగి నీళ్లు ముంచుతుంటిమి," అంది లచ్చవ్వ. "ఇప్పుడు మూడే కనవడ్తున్నయి, నాయినా."

సారు అక్కడ తవ్వించారు. పూడికలోంచి ఆరు మెట్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆ లోతునూ, లచ్చవ్వ కాపురానికొచ్చి ఎన్నేళ్లయిందో దాన్నీ పట్టుకొని లెక్క కడితే, వాగు మోసే మన్ను నా అంకెలు చెప్పినదానికి రెట్టింపు దాటింది. నా లెక్క నమ్మి కట్టి ఉంటే, దిగువ రైతుల పిల్లలు పెద్దయ్యేసరికి వాళ్లకు నీళ్ల బదులు మన్నే మిగిలేది.

నివేదిక సారే రాసి, పంపేముందు నా చేతికిచ్చారు. ఉద్యోగం పోయిందనే అనుకుంటూ చదివాను. "వరద వచ్చిన మూడు రోజులు కొలతలు తీయలేకపోయాము. ఈ అంచనా పాత కుంట పూడికను బట్టి వేసినది" అని ఉంది. నా పేరు ఎక్కడా లేదు. ఆ మూడు రోజులూ సారు వాగు దగ్గర లేరు, పాలమూరు పట్నంలో ఉన్నారు. జ్వరమూ నాదే, దొంగ అంకెలూ నావే. పైవాళ్ల చీవాట్లు మాత్రం ఆయన తిన్నారు. నివేదిక చూశాక, పూడికకూ చోటుండేలా కట్ట ఎత్తు పెంచి కట్టారు. ఆ జలాశయం కింద ఇప్పటికీ వరి పండుతోంది.

తెలియనిదాన్ని తెలియదని రాయాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అంతకన్నా పెద్ద పాఠం "తీయలేకపోయాము" అన్న మాటలో ఉంది. తర్వాత నేనూ ఇంజనీరునయ్యాను. నా కింద పనిచేసిన పిల్లలూ తప్పులు చేశారు. వాళ్ల తప్పు గురించి పైకి రాయవలసి వచ్చినప్పుడల్లా "లేకపోయాడు" అని రాసి ఆగేవాణ్ని. చివరి "డు" కొట్టేసి, "ము" అని రాసేవాణ్ని.