కొనుక్కున్న ఇంటిపేరు

ఊరికే వచ్చే వస్తువును పట్టుబట్టి బేరమాడి కొన్న ఘనుడు కెనడాలోని ఈ సస్కటూన్ మొత్తానికి నేనొక్కడినే. ఆ వస్తువు ఇప్పుడు మా గరాజ్‌లో గోడకు ఆనుకుని ఉంది: ఆరడుగుల చెక్క బోర్డు, ఆకుపచ్చ రంగు మీద తెల్లటి అక్షరాల్లో ‘స్టాక్‌పూల్’ అని ఒకే మాట. మంచు కరిగే రోజుల్లో దాని తడిచెక్క వాసన ముక్కుకు తగిలితే, ప్రొద్దుటూరు బజారులో వానకు నాని ఉబ్బిన మా అంగడి తలుపులు గుర్తుకొస్తాయి. వాటితో పాటు నా మీద నాకే ఒళ్లుమంట.

మన పిల్లలు చదువులకని ఈ ఊళ్లో గుంపులుగా దిగుతున్న ఏళ్లవి. బస్సెక్కితే సగం సీట్లలో తెలుగే. ఆఫీసు ఉద్యోగం విసుగెత్తి, యూనివర్సిటీ దారిలో ఉన్న చిన్న కిరాణా కొట్టుకు బేరం పెట్టాను. అమ్మేవాడు స్టాక్‌పూల్ అనే ముసలాయన. మూడు వారాలు ఆయన్ని పిండి ధర దించి, అంతా అయ్యాక “బోర్డు మాత్రం నాకే ఉండాలి” అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. ఎక్కువ అడగబోతున్నాడని భయపడి, దించిన దాంట్లో సగం నేనే వెనక్కి ఇచ్చేశాను. సంతకాలయ్యాక చెప్పాడు: “దాన్ని చలికాలంలో పొయ్యిలోకి కొట్టుకుందామనుకున్నానయ్యా.”

ఇచ్చిన సొమ్ముకు న్యాయం చేయాలనుకున్నాడేమో, పేరు కథంతా కూర్చోబెట్టి చెప్పాడు. వేల్స్ తీరంలో సముద్రంలోంచి స్తంభంలా లేచి నిలబడ్డ బండ ఒకటి, దాని పక్కన నేలలోకి చొచ్చుకొచ్చిన నీటిపాయ ఒకటి. ఓడల మీద వచ్చిన ఉత్తర సముద్రాల వాళ్లు ఆ రెంటినీ కలిపి ఆ చోటుకు పెట్టుకున్న పేరట. అక్కడి కుటుంబం నార్మన్ గుర్రపు దండుతో పాటు ఐర్లండ్‌కు దాటి, పొలాలు పట్టి, పాత ఊరిపేరునే ఇంటిపేరుగా ఉంచుకుంది. ఎక్కడా నాలుగు ఇళ్లకు మించి వినబడని పేరు. “ఐర్లండ్‌లో మమ్మల్ని ఇంగ్లీషువాళ్లనేవారు, ఇంగ్లండ్ వెళ్తే ఐరిష్‌వాళ్లనేవారు. ఇక్కడ కొట్టువాడు అంటున్నారు, హాయిగా ఉంది” అన్నాడు.

బోర్డు మీద నాకంత మోజు ఎందుకంటే, మా బజారులో అంగడి చేతులు మారితే త్రాసు, తూకపు రాళ్లతో పాటు పాత యజమాని ఇంటిపేరు కూడా కొన్నవాడికే వచ్చేది. మా జేజినాయన, అంటే తాత, అసలు వంకదారి సుబ్బయ్య. సూరేపల్లి వాళ్ల బెల్లం అంగడి కొన్న మరుసటి రోజు నుంచి ఊరందరికీ సూరేపల్లి సుబ్బయ్యే. ఎండాకాలంలో బెల్లం దిమ్మెలు చెమర్చి ఈగలు ముసిరేవి, వానాకాలంలో గోనెల ముతక వాసనా చింతపండు పులుపూ కలిసి గొంతులోకి దిగేవి, ఉగాది ముందు కొత్త బెల్లం కోసం పల్లెల బండ్లు వీధి చివరి దాకా నిలిచేవి. నేను అరుగు మీద చింతగింజలతో ఆడుకుంటూ, ఓళిగల పూర్ణానికి ఏ బెల్లం పాకం బాగా వస్తుందో కొనేవాళ్ల కంటే ముందే చెప్పేవాణ్ణి. ఆ మాటకు మురిసిపోయి వాళ్లు “సూరేపల్లోళ్ల పిల్లోడు గదా” అనేవారు. నాకు గర్వంగా ఉండేది.

జేజికి, అంటే నాయనమ్మకు, మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది. పెళ్లిపత్రిక మీద సూరేపల్లి అని ఉంటే తీసుకునేది కాదు. “ఆ పేరోళ్లు ఈ ఇంట్లో ల్యారు, యాడన్నా ఎతుక్కోపో” అని తెచ్చినవాణ్ణి తరిమేది.

“పేరు మారిస్తే అంగడికి ఎవురొస్తారే? ఆ పేరుకే గదా వస్తాండేది!” అనేవాడు జేజినాయన.

“వస్తార్లే. వంకదారోళ్ల ఇంటికని నన్ను పంపిచ్చిరి. ఇప్పుడు ఎవురింట్లో ఉండానో నాకే తెలీకుండా చేస్తివి.”

ఆయన బస్టాండులో ఒక రాతిబల్ల చేయించి పెట్టాడు. దాని మీదా సూరేపల్లి సుబ్బయ్య అనే చెక్కించాడు. ప్రతి ఎండాకాలం కడప బస్సు కోసం నేనూ ఆయనా ఆ బల్ల మీద కూర్చునేవాళ్లం. జేజి సంచి చంకన పెట్టుకుని ఎండలో నిలబడేది. ఒక్కసారీ కూర్చోలేదు. నాకు నవ్వొచ్చేది.

ఇక్కడ నేను జేజినాయన దారే పట్టాను. పాత ఖాతాదారులు ముసలాయన చేసే అల్లం బిస్కెట్ల కోసం వచ్చి, నా మొహం చూసి, “మిస్టర్ స్టాక్‌పూల్” అని మర్యాదగా పిలిచి వెళ్లిపోయేవారు. నేను కాచుకున్న మన పిల్లలు గుమ్మమే తొక్కలేదు. ఒకరోజు చలికి తాళలేక ఒక వరంగల్ కుర్రాడు లోపలికొచ్చి, గోంగూర కట్టలు చూసి కొయ్యబారిపోయాడు.

“అయ్యో, మీరు మనోళ్లేనా అన్నా! ఆర్నెల్ల సంది ఈ ముంగటి నుంచే పోతున్న. తెల్లోళ్ల షాపనుకొని గోంగూరకు రెండు బస్సులు మారుతున్న!”

అతను నలుగురికి చెప్పాడు. నలుగురూ నన్ను ‘స్టాక్‌పూల్ అన్న’ అన్నారు. నా పేరు అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. పిల్లల రాక తగ్గాక కొట్టు అమ్మేస్తూ బోర్డుకు ధర చెప్పాను. కొన్నతను “మీరే ఊరికే తీసుకెళ్లండి” అన్నాడు.

పోయిన నెల పదేళ్ల మా అమ్మాయి స్కూల్లో ‘మీ ఇంటిపేరు కథ’ రాయమన్నారు. సముద్రం, బండ, నీటిపాయ, గుర్రాలు అన్నీ పొల్లుపోకుండా రాసింది.

“అది మన పేరు కాదమ్మా!”

“బట్ నాన్నా, ఎవ్రీవన్ కాల్స్ అస్ దట్. సో వాట్ డజ్ అవర్స్ మీన్?”

“వంక అంటే వాగు. వాగు వెంట దారి.”

“విచ్ వాగు?”

ప్రొద్దుటూరికి ఫోన్ చేశాను. “అది మీ జేజికే తెల్సు రా. మేం ఎప్పుడూ అడగల్యా” అన్నాడు నాన్న. జేజి పోయి పన్నెండేళ్లయింది. బస్టాండు కొత్తగా కట్టినప్పుడు ఆ బల్లా పోయింది. అంగడి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారట, దానికి ఎవరి ఇంటిపేరూ లేదట.

ఇక లెక్క. కొన్న పేరుకు ఏ తీరమో, ఏ బండో, ఎవరు ఎటు దాటారో నాకు నోటికొచ్చు. పుట్టుకతో వచ్చిన పేరుకు ఏ వాగో తెలియదు. జేజి పక్కన అన్ని ఎండాకాలాలు ఉండి, ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఊరికే చెప్పేది.