సగం ఇంజను

వరహాలు బార్జి టండేలు. పడవ నడక, అందులోని మనుషులు, సరుకు అతని పూచీ. పుట్టింది యారాడలో. తండ్రి తెప్ప మీద చేపలు పట్టేవాడు. వరహాలు ఇరవై రెండో ఏట రేవులో సరుకు మోసే బార్జి ఎక్కాడు. అది 1969. అయిదేళ్లకు టండేలయ్యాడు.

బార్జి అందమైన పడవ కాదు. అడుగు చదును, ముక్కు మొద్దు. నూట యాభై టన్నులు మోస్తుంది.

తొందరపడకపోవడమే అతని పనితనం. సముద్రం వెనక్కి తీసే ఆటు నీటితో పాటు రేవు దాటేవాడు. యారాడ కొండ వెనక పడగానే చెయ్యి చాపి అరచేతిని కిందికి తిప్పేవాడు. ఇంజను దగ్గర కూర్చున్న దొరబాబు అది చూసి పిడిని సగానికి దించేవాడు. ఆపైన నీళ్లు ఎటు లాగుతున్నాయో వరహాలు చూసుకునేవాడు. ఒక రోజు ఒడ్డు వారగా, ఒక రోజు దూరంగా. గంటలో చేరేచోటికి రెండు గంటలు పట్టేది. రెండు వందల లీటర్ల డీజిలు డ్రమ్ము మూడు ట్రిప్పులకు వచ్చి, అడుగున ఇంకా మిగిలేది. డ్రమ్ములు అన్ని లాంచీలకూ ఒకే షెడ్డు నుంచి వచ్చేవి. ఏది ఎంత తాగిందో ఎవరూ రాసుకోలేదు.

డెబ్బై ఆరులో ఒక సూపర్‌వైజరు బార్జి ఎక్కాడు. సగం ఇంజను మీద వెళ్లడం చూశాడు. జెట్టీ మీద కూలీలందరి ఎదుట, నిద్రపోతూ జీతం తీసుకుంటున్నావా అన్నాడు. వారం పాటు పనిలోకి రానివ్వలేదు.

అప్పటినుంచి ఆ బార్జికి ఒక అలవాటయింది. బూట్లు వేసుకున్న మనిషి ఎక్కితే దొరబాబు మెల్లగా “సుట్టం” అనేవాడు. పిడిని చివరిదాకా తోసేవాడు. ఆ మనిషి దిగేదాకా పొగ నల్లగా వచ్చేది.

ఎనభై మూడు నాటికి ఉక్కు కర్మాగారం కడుతున్నారు. బార్జి సిమెంటు మోసేది. రేవులో ఎక్కించి, కొండకు దక్షిణాన వేసిన తాత్కాలిక జెట్టీలో దించేవారు. ఆరుగురికి బతుకు. ఆ ఏడాది చివర కర్మాగారం దాకా రైలు పట్టాలు వచ్చాయి. సిమెంటు దేని మీద పంపాలో తేల్చమని కంపెనీ భీమశంకరరావు అనే ఇంజనీరును పంపింది. గోదావరి జిల్లా మనిషి. తక్కువ మాట్లాడేవాడు.

“రైలును కొలిచాను. మీతో మూడు ట్రిప్పులు వస్తాను. అదే బరువుకు ఎక్కువ డీజిలు తాగేది ఆగిపోతుంది. ఎప్పుడూ ఎలా నడుపుతారో అలాగే నడపండి,” అన్నాడు. కొలత కర్ర ట్యాంకులో ముంచి, తుడిచి, పుస్తకంలో రాసుకున్నాడు.

అతని కాళ్లకు బూట్లున్నాయి. దొరబాబు “సుట్టం” అన్నాడు గానీ పిడి తొయ్యలేదు.

“తాగుడు కొలుత్తాడంట కదా బావా. సగమే పెట్టీమంతావా?”

“తొయ్.”

“ఎప్పుడూలాగే నడపమన్నాడు.”

“ఆఫీసర్లు అలాగే అంతారు. రైలు అరగంటలో ఎల్లిపోతాది. మనం తాబేల్లాగ ఎల్తే సరుకెవడిత్తాడు? కొలిసేటప్పుడు తగ్గిత్తే పనిదొంగతనం అంతారు.”

“తాబేలికి డీజిలక్కర్లేదు బావా.”

“తొయ్ అన్నాను.”

దొరబాబు తోశాడు. మూడు ట్రిప్పులూ అలాగే వెళ్లారు. మొద్దు ముక్కు ముందు నీళ్లు గోడలా లేచాయి. వరహాలు ఆ నీళ్లనే చూస్తూ నిలబడ్డాడు. నీటి లాగుడు ఎటుందో ఒక్కసారీ చూడలేదు.

నాలుగో రోజు ఉదయం ఇంజనీరు జెట్టీ మీదికి వచ్చాడు. పుస్తకం తెరిచి ఉంది.

“నూట యాభై టన్నులకు రైలు ఎనభై లీటర్లు. మీది నూట పన్నెండు. నాకు నమ్మకం కుదరడం లేదు టండేలు గారూ. నీటి మీద బరువు తేలిగ్గా కదలాలి. వేగం పెంచితేనే నీళ్లు ఎదురు తిరుగుతాయి. మెల్లగా వెళితే ఇందులో సగమే కావచ్చు. ఎప్పుడైనా మెల్లగా నడిపారా?”

దొరబాబు వరహాలు వైపు చూశాడు. మిగతా నలుగురూ చూశారు.

“లేదు బాబూ,” అన్నాడు వరహాలు. “మేం పనిదొంగలం కాదు.”

ఇంజనీరు పుస్తకం మూశాడు.

అతను వెళ్లాక దొరబాబు అడిగాడు: “నోరెందుకు ఇప్పలేదు బావా?”

“నీకూ ఉంది కదా నోరు.”

“టండేలివి నువ్వు.”

నెల తిరగకుండానే బార్జిని ఆపేసి ఒడ్డున కట్టేశారు. దొరబాబు ఆనందపురంలో లారీ షెడ్డుకు పోయాడు. మిగతావాళ్లు ఎటు పోయారో వరహాలుకు తెలియదు. అతనికి కూర్మన్నపాలెం దగ్గర కొత్త రైలు పట్టాల మీద గేటు కాపలా పని ఇచ్చారు.

“నీళ్లు లేని కాడ నువ్వేటి సేత్తావు?” అంది భార్య చిలకమ్మ.

“జెండా ఊపుతాను.”

ఊపాడు. రోజుకు నాలుగు బళ్లు. అన్నీ సిమెంటే.

ఒక మధ్యాహ్నం బండి గేటు దగ్గర ఆగింది. ముందు షెడ్డు ఖాళీ లేదు. డ్రైవరు కామరాజు దిగి నీళ్లడిగాడు. వరహాలు చెంబుతో ఇచ్చాడు.

“బండి సప్పుడు లేకుండా వత్తాదేటి బాబూ, ఇక్కడికొచ్చేసరికి?”

“ఇంజను బలం తీసేస్తానయ్యా. పైనించి ఇక్కడికి, ఇక్కణ్ణుంచి షెడ్డుకి, అంతా వాలే. దానంతటదే పోతుంది. డీజిలెందుకు దండగ?”

“ఆఫీసరున్నా?”

“ఉన్నా ఏంటి?”

“కొలిసిన రోజు కూడా అలాగే సేసేరా?”

“కొలవడానికొచ్చిన బూట్లాయన నా పక్కనే కూర్చున్నాడు. ఎందుకు తీశావన్నాడు. చెప్పాను. రాసుకున్నాడు.” కామరాజు చెంబు తిరిగి ఇచ్చాడు. “చల్లగా ఉన్నాయి నీళ్లు.”

షెడ్డు నుంచి దారి ఇచ్చారు. బండి కాస్త ఊపందుకుని, వాలులో మళ్లీ నోరు మూసుకుని వెళ్లిపోయింది. చివరి పెట్టె దాటాక వరహాలు గేటు ఎత్తాడు. రెండు లారీలు వెళ్లాయి. ఒక ఎడ్లబండి వెళ్లింది. జెండా కర్రకు చుట్టి గోడకు ఆనించాడు.

సాయంత్రం అన్నం పెడుతూ చిలకమ్మ మొహం చూసింది.

“ఏటి, ఈయేళ మాటాడవు?”

“నిన్న మాటాడేనేటి?” అన్నాడు వరహాలు.

ఆమె చారు పోసింది. అతను తిన్నాడు.