ఆండాళవ్వ చప్పట్లు కొట్టనివ్వలేదు

మద్రాసు సౌకార్‌పేటలో నూనె కొట్ల సందు మలుపు తిరిగితే చాలు, ఆముదం వాసన గుప్పుమంటుంది. మొన్న ఆటో దొరక్క ఆ సందులో నడుస్తుంటే ఆ వాసనకు నా కాళ్ళు ఆగిపోయాయి. జనం తోసుకుంటూ పోతున్నారు. నాకు మాత్రం చింతాద్రిపేటలో మా కింది పోర్షన్‌లో ఉండిన ఆండాళవ్వ గుర్తొచ్చింది. ఆమె మాకు బంధువు కాదు. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నోరు గట్టిది, ఆవిడ పెట్టే కాఫీ ఇంకా గట్టిది. తరతరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న తెలుగువాళ్ళు కాబట్టి మాటలో అరవం కలిసిపోయేది. బెజవాడ నుంచి కాపురానికొచ్చిన నన్ను 'కృష్ణ నీళ్ళ పిల్లా' అని ఏడిపించేది.

మా హారికకు రెండున్నరేళ్ళప్పుడు డైపరు మాన్పించే పని పెట్టుకున్నాం. జూన్‌లో బళ్ళో చేర్చాలంటే డైపరు ఉండకూడదన్నారు మరి! ఇల్లంతా కలిసి పిల్ల మీద పడ్డాం. అది దొడ్డికి రాకుండా బిగబట్టడం నేర్చుకుంది. బిగబట్టేకొద్దీ గట్టిపడేది, గట్టిపడితే నొప్పి, ఆ నొప్పికి భయపడి మళ్ళీ బిగబట్టేది. ఒకరోజు నెత్తురు కూడా కనిపించింది. మా అత్తయ్య తనకు తెలిసిన వైద్యం చేసేవారు, తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి ఆసనంలో పెట్టడం. తన పిల్లలందరికీ అదే చేశారు, ప్రేమతోనే చేశారు. నేను పాప కాళ్ళు కదలకుండా పట్టుకునేదాన్ని. ఆ తర్వాత పాప నన్ను చూస్తే చాలు, తలుపు వెనక్కి పోయి కాళ్ళు మెలివేసుకుని నిలబడేది. కన్నబిడ్డ తల్లిని చూసి దాక్కుంటే ఆ తల్లికి ఇంకేం మిగులుతుంది!

ఒక శుక్రవారం అవ్వ మాకు తాంబూలం ఇవ్వడానికి వచ్చింది. పళ్ళెంలో పసుపు, కుంకుమ, అరటిపళ్ళు, తమలపాకులు. పాప ఆ ఆకులు చూడగానే "ఆకు వద్దు! ఆకు వద్దు!" అని కేకలు పెట్టి అవ్వ కుచ్చిళ్ళ వెనక దూరింది. మేం నవ్వాం. అవ్వ నవ్వలేదు.

"ఏందమ్మా ఇది? ఆకును చూసి ఇంత బెదురెందుకు బిడ్డకి?" అంది. జరుగుతున్నదంతా చెప్పాను. అవ్వ ఆకుల మీద పైట కప్పేసింది. "ముందు డాక్టరు దగ్గరికి పో. నెత్తురు చూసినాక కూడా ఈడ కూచోని యోచన చేస్తా ఉండావా?" అని నన్ను కసిరి, అత్తయ్య వైపు తిరిగింది. "వదినా, మీ తప్పేం లేదు. నేనూ నా బిడ్డలకి చేసిందే. కానీ ఇది మాటొచ్చిన బిడ్డ. భయం గుర్తుంటాది."

డాక్టరమ్మ సిరప్ రాసిచ్చి, తొడిమ జోలికి పోవద్దంది. నొప్పి మరిచేదాకా డైపరు మాన్పించే ఊసే ఎత్తొద్దంది. పాలు బాగా తగ్గించమంది. మా ఇంట్లో పాలసీసా అంటే బలం! "పాలు తగ్గిస్తే పిల్ల ఏమైపోవాలి?" అని అత్తయ్య గొల్లుమన్నారు. "పాలతోనే కడుపు నిండితే అన్నానికి చోటేడ వదినా?" అంది అవ్వ. బొప్పాయి, ఆకుకూర పప్పు, నానబెట్టిన ఎండుద్రాక్ష, మధ్యమధ్య నీళ్ళు. ఇవన్నీ పాపకు ఆటలోనే అలవాటయ్యాయి.

కొన్నాళ్ళకు నొప్పి తగ్గాక అవ్వ తన ఇంట్లోంచి పీట తెచ్చి కమోడు ముందు వేసింది. "కాళ్ళు గాల్లో ఏలాడతా ఉంటే నువ్వు మాత్రం కూచోగలవా?" అంది. టిఫిన్ తిన్నాక కాసేపు కూర్చోబెట్టడం, వచ్చినా రాకపోయినా నవ్వుతూ లేపేయడం, అంతే. ఇంట్లో ఎవరూ ఆరా తీయకూడదని కట్టడి చేసింది. మా ఆయన మాత్రం కొట్టు నుంచి ఫోన్ చేసి "పాప పోయిందా?" అని అడిగేవారు. అవ్వ ఒకసారి ఫోన్ లాక్కుంది. "నువ్వు పొయ్యింది లేంది మేమెవరమన్నా అడుగుతా ఉండామా నాయనా? చుమ్మా, ఊరికే ఉండు!" ఆయన మళ్ళీ అడిగితే ఒట్టు.

ఊరి చివర మనలిలో చుట్టాలింటికి పోయొచ్చాక పాప మళ్ళీ బిగబట్టింది. చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరైందని ఏడ్చాను. "ఒక మెట్టు దిగితే మిద్దె కూలిపోయినట్టా? కళ్ళు తుడుచుకో," అంది అవ్వ.

ఒకరోజు పొద్దున పాపే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, రా. నువ్వు కూడా కూచో." తడి నేల మీద చతికిలబడ్డాను. ఏడుపు లేదు, పెనుగులాట లేదు, హాయిగా అయిపోయింది. గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య చప్పట్లు కొట్టబోతే, అప్పుడే పైకొచ్చిన అవ్వ ఆవిడ చేతులు రెండూ పట్టేసుకుంది. "వద్దు వదినా. ఇయ్యాళ కొడితే, రేపు రానప్పుడు తప్పు చేసినట్టు ముడుచుకుంటాది. కడుపు దానిది, మనది కాదు." అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళి బొప్పాయి కోయడం మొదలుపెట్టారు.

అవ్వ ఇప్పుడు లేదు. పసిపిల్లలను బలవంతాన కూర్చోబెట్టే తల్లులు ఎక్కడ కనిపించినా నా నోరు ఊరుకోదు, ఆ జబ్బు ఆవిడ అంటించిందే. హారిక నా భుజం దాటి ఎదిగింది. ఆ రోజుల సంగతి దానికి ఒక్కటీ గుర్తులేదు. అవ్వ ముఖం కూడా సరిగా గుర్తులేదంటుంది. మొదట్లో నాకు చాలా బాధేసింది. ఇప్పుడు లేదు. ఆ భయం బిడ్డకు గుర్తుండకూడదనే కదా ఆవిడ అంత పాటుపడింది! గుర్తుపెట్టుకునే పని నాది.