మీరు తాగే నీళ్లు

బోరు నీళ్లను పరీక్షకు ఎలా పట్టాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మోటారు వేసి పది నిమిషాలు నీళ్లు బయటికి పోనివ్వాలి. పైపులో నిలవున్నవి పోయి, భూమి లోపలివి వచ్చేదాకా ఆగాలి. ఆ నీళ్లతోనే సీసాను మూడుసార్లు తొలిచి, గాలి బుడగ మిగలకుండా నింపాలి. కొత్తగా చేరినవాళ్లకు ఇదంతా నేర్పేది నేనే. ఆ ఒక్క రోజు ఇందులో ఒక్కటి కూడా చెయ్యలేదు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

మా ఆఫీసు తెనాలిలో, ల్యాబు బాపట్లలో, నీళ్లు పట్టాల్సిన ఊళ్లేమో రేపల్లె అవతల. ఈ మూడింటి మధ్య తిరగడానికి నేనొక్కడినే. జీపు రిపేరులో ఉందనే మాట విని విని విసుగొచ్చింది. సాయంత్రం ఐదు దాటితే ల్యాబువాళ్లు సీసాలు ముట్టుకోరు.

రొయ్యల చెరువుల పక్కన ఒక వీధి. చెరువుల ఉప్పు బోర్లలోకి దిగుతోందా లేదా అన్నది తేల్చాలి. వీధి చివర ఒకావిడ ఇంట్లో బోరుంది. ఇంట్లో ఆవిడా, కొడుకూ కోడలూ, నెలల పాపా. మొదటిసారి వెళ్లినప్పుడు కరెంటు లేక, ఖాళీ సీసా ఆవిడ దగ్గరే ఉంచి వచ్చాను. మర్నాడు రేపల్లె రైలు ఆలస్యమైంది. కంగారులో ఫోన్ చేశాను.

“అమ్మా, మీరు తాగే నీళ్లు ఆ సీసాలో పట్టి ఉంచండి. వచ్చి తీసుకుపోతాను.”

మా ఫారంలో అలాంటి బోరు పేరు ‘తాగునీటి బోరు’. నోటికి అదే వచ్చింది. ఆవిడ సీసాను శుభ్రంగా తుడిచి గుమ్మం దగ్గరే అందించింది. ఆటో దిగకుండానే తీసుకున్నాను. ఉప్పు చూసే మీటరు సంచిలోనే ఉంది, తీసి ముంచలేదు.

తాగడానికి పనికొస్తాయని రిపోర్టు వచ్చింది. చెరువుల పక్కన ఇంత మంచి నీళ్లేంటని అనుమానమైతే వచ్చింది. కానీ పక్క ఊరి సీసాల గొడవలో పడి వదిలేశాను. కాగితం మాత్రం ఆవిడకు పంపించాను.

మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లాను. ఎండ మండిపోతోంది. ఆవిడ కుర్చీ వేసి, స్టీలు గ్లాసు చేతిలో పెట్టింది.

“ముందు మంచినీళ్లు తాగండి అన్నయ్యగారూ.”

మొదటి గుక్కకే నాలుక ఉప్పగా అయిపోయింది.

“ఏం నీళ్లమ్మా ఇవి?”

“బోరువేనండి. ఉప్పగా ఉన్నా మంచివేనని మీ కాగితం వచ్చాక, కొనుక్కునే నీళ్ల టిన్ను మానేశాం.”

“టిన్ను నీళ్లు తాగేవాళ్లా మీరు?”

“అవునండి. మీకు పట్టి ఇచ్చినవి కూడా అవే. తాగే నీళ్లు అన్నారు కదండి!”

ఆవిడను ఏమని అనగలను? అడిగింది అడిగినట్టే చేసింది. ఆ వీధిలో బోరు నీళ్లు గిన్నెలు తోముకోవడానికే వాడతారని తెలుసుకోనిది నేను. గ్లాసులోనే మీటరు ముంచాను. అంకె పైకి పోతూనే ఉంది.

అక్కడి నుంచే బాపట్లకు ఫోన్ చేసి, తప్పు నాదే, ఆ రిపోర్టు రద్దు చెయ్యమన్నాను. “కొత్త సీసా పంపండి సార్, చూద్దాం” అన్నారు. చూద్దామట! ఫోన్ విసిరికొట్టాలనిపించింది.

“ఈ నీళ్లు తాగొద్దమ్మా. ఆ కాగితం తప్పు.”

“ప్రభుత్వం కాగితం తప్పేంటండి?” అంటూనే లోపలికి తిరిగి కేకేసింది. “అమ్మాయ్, పాపకి ఆ నీళ్లతో పాలపొడి కలపకు!”

“ఇప్పుడే పట్టేశానత్తయ్యా. మొత్తం తాగేసింది” అంది కోడలు లోపలి నుంచి, సంతోషంగా.

నేను లేచి మోటారు వేశాను. పైపు పక్కన నిలబడి, పది నిమిషాలూ గడియారం చూస్తూ ఉండిపోయాను.